ముత్తుకూరు చిమ్నీల చుట్టూ

నెల్లూరు నుంచి ముత్తుకూరు ఇరవై కిలోమీటర్లు. రొయ్యల వ్యాపారమో, పోర్టులో ఉద్యోగమో, అటువైపు చుట్టరికమో ఉంటే తప్ప నెల్లూరు మనిషికి ఆ దారిన పని పడదు. నాకు ఆ పని పెట్టింది మా మేనల్లుడు. కాలిఫోర్నియాలో శాంటా క్లారా అనే ఊళ్లో ఉంటాడు. ఇంట్లో పెళ్లికని మార్చిలో వచ్చి, తలంబ్రాల వేళకు కరెంటు పోయి జనరేటరు మొదలయ్యేసరికి, "మామయ్యా, మన కరెంటు ఎక్కడ తయారవుతుంది?" అని అడిగాడు. "పక్కనే, ముత్తుకూరులో" అన్నాను. అది సగం నిజమే. ముత్తుకూరులో పుట్టిన కరెంటు గ్రిడ్డులో కలిసి ఎక్కడెక్కడికో పోతుంది, మనింటి ఫ్యానుకు వచ్చేది ఏ ఊరిదో చెప్పలేం. ఆ మాటే చెబితే వాడికి ఆశ్చర్యం. "మా ఊరి కరెంటు మా ఊరిదే. ప్లాంటు నేను ఆఫీసుకు పోయే దారిలోనే ఉంది" అన్నాడు. సరే, వాడి ప్లాంటు సంగతి వింటూ మన ప్లాంట్లు చూసొద్దామని పెళ్లి సందడి తగ్గాక కారు తీశాం.

వాడు చెప్పినదాన్ని ముందే చెప్పేస్తాను, లేకపోతే తరవాతి సంగతులకు కొలత దొరకదు. శాంటా క్లారాలో కరెంటు అమ్మేది ఆ ఊరి మునిసిపాలిటీయే. 1896 నుంచీ అంతే. ఇప్పుడా శాఖను సిలికాన్ వ్యాలీ పవర్ అంటారు. నీటి బిల్లు, చెత్త బిల్లు వచ్చే చోటి నుంచే కరెంటు బిల్లూ వస్తుంది. ఊరి మధ్యలో 147 మెగావాట్ల గ్యాస్ ప్లాంటు ఒకటి ఉంది, 2005లో మొదలైంది. ఒకప్పటి సిటీ మేనేజరు డొనాల్డ్ వాన్ రేస్‌ఫెల్డ్ పేరు పెట్టారు. సహజవాయువును మండించి టర్బైన్ తిప్పుతారు, దాంట్లోంచి వచ్చే వేడి పొగతో నీళ్లు కాచి ఆవిరితో ఇంకో టర్బైన్ తిప్పుతారు. ఒకే గ్యాసుకు రెండు పనులు. బూడిద ఉండదు, గంధకం దాదాపు ఉండదు. "అంటే పొగే లేదా?" అన్నాను. "కనిపించదు, అంతే" అన్నాడు. అంత వేడిలో గాలిలోని నైట్రోజనే ఆక్సిజన్‌తో కలిసి నైట్రోజన్ ఆక్సైడ్లుగా మారుతుంది. వాటిని అమ్మోనియాతో విరిచేసే ఏర్పాటు చిమ్నీకి ముందే ఉంటుంది. బొగ్గుపులుసు వాయువును మాత్రం ఏదీ ఆపదు. యూనిట్‌కు సుమారు 400 గ్రాములు గాలిలో కలుస్తుంది.

ముత్తుకూరు రోడ్డు నెల్లూరు ఊరు దాటీ దాటగానే వరిపొలాల్లోకి దిగుతుంది. మార్చి కాబట్టి కోతలు నడుస్తున్నాయి. ఒకప్పుడు ఈ జిల్లా పేరు చెబితే మొలగొలుకుల బియ్యం గుర్తొచ్చేది. ఇప్పుడు పొలంలో కోతమిషన్లు, రోడ్డు వార పట్టాల మీద ధాన్యం రాశులు, వాటిని తప్పించుకుంటూ పోయే లారీలు. దారి పొడుగునా లారీలే. కొన్ని పోర్టువి, కొన్ని బూడిదవి. బూడిద లారీని కనిపెట్టడం తేలిక. టార్పాలిన్ ఎంత బిగించి కట్టినా వెనక తలుపు సందులోంచి సన్నగా కారుతూ పోతుంది, రోడ్డు మలుపుల దగ్గర తారు మీద లేత బూడిదరంగు చారికలు మిగులుతాయి. మావాడు కిటికీ అద్దం ఎక్కించాడు. ఆ తరవాత రొయ్యల గుంటలు మొదలయ్యాయి. గుంటల్లో ఏరేటర్లు నీళ్లు చిమ్ముతూ గిర్రున తిరుగుతున్నాయి. అవి ఆగితే రొయ్య బతకదు. కరెంటు మీద రొయ్య రైతుకు ఉన్న బెంగ పట్నం మనిషికి ఉండదు.

ముత్తుకూరులో మత్స్య కళాశాల ఉంది. 1991లో పెట్టారు. చేపలు, రొయ్యల శాస్త్రం చదవడానికి రాష్ట్రం నలుమూలల నుంచీ పిల్లలు వస్తారు. ఆ కాలేజీ పెట్టిన నాటికి ఈ తీరంలో ఉన్నవి ఉప్పుటేరు, మడ చెట్లు, ఉప్పు కయ్యలు, పట్టపోళ్ల పడవలు. ప్లాంట్లన్నీ ఆ తరవాత వచ్చినవే. దామోదరం సంజీవయ్య పేరు మీద జెన్‌కో కట్టిన థర్మల్ స్టేషన్ నేలటూరులో 2015లో కరెంటు అమ్మడం మొదలుపెట్టింది. 800 మెగావాట్ల యూనిట్లు రెండు. అదే ఏడాది పైనాపురంలో సెంబ్‌కార్ప్ వాళ్ల 660 మెగావాట్ల యూనిట్లు రెండు వచ్చాయి. పక్కన తోటపల్లి గూడూరు మండలం హద్దులో ఇంకో రెండు 660లు. సంజీవయ్య స్టేషన్ మూడో యూనిట్‌ను 2022 అక్టోబరు 27న ముఖ్యమంత్రి జగన్‌మోహన్ రెడ్డి జాతికి అంకితం చేశారు. కండలేరు ఉప్పుటేరు అవతల, చిల్లకూరు మండలం తమ్మినపట్నంలో మీనాక్షి ఎనర్జీ, సింహపురి ఎనర్జీ అని మరో రెండు. కంపెనీలు చేతులు మారాయి. సెంబ్‌కార్ప్ ఒమన్ వాళ్ల చేతికి పోయింది, మీనాక్షి వేదాంతకు, సింహపురి జిందాల్‌కు పోయాయి. ఊళ్లో మాత్రం ఎవరిని అడిగినా పాత పేర్లే చెబుతారు. జెన్‌కో, సెంబ్‌కార్ప్, మీనాక్షి, సింహపురి.

కారులో కూర్చునే మావాడు ఫోనులో లెక్క వేశాడు. ఉప్పుటేరుకు ఇవతలివే 5,040 మెగావాట్లు. వాడి ఊరి ప్లాంటు లాంటివి ముప్పై నాలుగు పెడితే ఇంత. అవతలివి కూడా కలిపితే 6,640. "ఇంత చిన్న ఊరికా?" అన్నాడు. ఊరికి కాదురా నాయనా, ఊరిలో.

ముత్తుకూరు సెంటర్లో టీకి ఆగాం. టీ కొట్టాయన వయసు అరవై ఉంటుంది. మావాడి బూట్లు చూసి "కంపెనీలో ఇంటర్వ్యూకా అబ్బయా?" అన్నాడు. కాదు, ఊరికే చూడ్డానికని చెబితే నవ్వాడు. "చూసేదానికి ఏముండాది? పొగ గొట్టాలు. నెల్లూరు మిద్దెక్కినా కనపడతాయి." బల్ల మీద కూర్చున్న ఇంకొకాయన, ఒక ప్లాంటులో కాంట్రాక్టు ఫిట్టరుగా చేసి మానేసినవాడట, మాట కలిపాడు. "పొగ గొట్టంతో పెద్ద బాధ లేదన్నా. గొట్టం యాడో పైన ఉండాది. కింద ఉండేదే మాకు." కింద ఉండేదంటే బూడిద. సాయంత్రం పైరగాలి తిరిగినప్పుడు మిద్దె మీద ఆరేసిన ఒడియాల మీద, బట్టల మీద సన్నగా పడుతుందని చెప్పాడు. ఏ ప్లాంటుదని అడిగాను. "ఎట్ట జెప్పేది? నాది కాదంటే నాది కాదంటారు అందరూ."

ఆ రోజంతటిలో నాకు బాగా పట్టుకున్న మాట అది. పెద్దమనుషులు కమిటీలు వేసి తేల్చవలసిన విషయాన్ని ఆయన టీ గ్లాసు కింద పెట్టకుండానే తేల్చేశాడు.

ముత్తుకూరు నుంచి నేలటూరు వైపు తిరిగాక ఇక దిక్కు చెప్పే పని లేదు, చిమ్నీయే దారి చూపిస్తుంది. 500 మెగావాట్లకు పైబడిన యూనిట్లకు 275 మీటర్ల చిమ్నీ ఉండాలన్నది మన దేశంలో పాత నియమం. అంటే తొంభై అంతస్తుల ఎత్తు. దగ్గరికి పోయేకొద్దీ మెడ ఎత్తాల్సి వస్తుంది. మావాడు "పొగ తెల్లగా భలే వస్తోంది" అని ఫోటో తీశాడు. తీసింది కూలింగ్ టవర్ మీది ఆవిరిని. దూరం నుంచి వచ్చే ప్రతివాడూ అదే చేస్తాడు. అది వట్టి నీటి ఆవిరి. అసలు చిమ్నీ చివర చూస్తే, ఆకాశం కాస్త మసకబారినట్టు ఒక సన్నని తెర, అంతే. బొగ్గు పొడిని మండించాక వచ్చే పొగలోని బూడిదను కరెంటు పలకలతో పట్టేసే ఈఎస్‌పీ అనే యంత్రం ఉంటుంది. సరిగా నడిస్తే నూటికి తొంభై తొమ్మిది పాళ్లకు పైగా అక్కడే ఆగిపోతుంది. అందుకే పైకి నల్లపొగ కనిపించదు. కనిపించేదంతా కీడు కాదు, కనిపించనిదంతా మేలూ కాదు.

కనిపించనిది గంధకం. బొగ్గులో ఉన్న కాస్త గంధకమూ మండి సల్ఫర్ డయాక్సైడ్ అవుతుంది. గాలిలో కొంత దూరం పోయాక అది సన్నటి ధూళిగా మారి వందల కిలోమీటర్లు ప్రయాణిస్తుంది. దాన్ని సున్నపురాయి ముద్దతో కడిగేసే యంత్రాన్ని ఎఫ్‌జీడీ అంటారు. 2015 డిసెంబరు 7న కేంద్రం కొత్త నిబంధనలు తెచ్చింది. ధూళికి, గంధకానికి, నైట్రోజన్ ఆక్సైడ్లకు, పాదరసానికి హద్దులు పెట్టి, రెండేళ్లలో అందరూ పాటించాలంది. గడువుల మీద గడువులు పోయాయి. చివరికి 2025 జులైలో, మహానగరాలకు గానీ, గాలి బాగా చెడిన ఊళ్లకు గానీ పది కిలోమీటర్ల లోపల లేని ప్లాంట్లకు గంధకం హద్దు అక్కర్లేదని, చిమ్నీ ఎత్తు నియమం పాటిస్తే చాలునని సడలించింది. మన బొగ్గులో గంధకం తక్కువ, యంత్రానికయ్యే ఖర్చు ఎక్కువ అన్నది ప్రభుత్వం వాదన. వాదనలో కొంత బలం లేకపోలేదు. కానీ ఒక సంగతి చూడండి. గాలి చెడిపోయిందని కేంద్రం జాబితాకెక్కిన ఊళ్లలో నెల్లూరు ఒకటి. ముత్తుకూరుకూ నెల్లూరుకూ దూరం పదికి రెట్టింపు. ఇక ఎత్తైన చిమ్నీ చేసే పని వాయువును తీసేయడం కాదు, దూరంగా పంపడం. పక్కూరి వాడి మీద పడేయడమే పరిష్కారమైతే, ఆ పక్కూరు కూడా ఎవరికో ఒకరికి సొంతూరే.

ఒక ప్లాంటు గేటు దగ్గర ఆగాం. ఏదో ఎందుకు, పేరు వద్దు. గేటు పక్కన ఎర్రంకెల బోర్డు ఒకటి ఉంది. పర్యావరణ అనుమతి ఇచ్చేటప్పుడు పెట్టే షరతుల్లో ఇదొకటి. చిమ్నీలోంచి వచ్చేది ఎంత, చుట్టూ గాలిలో ఉన్నది ఎంత అని గేటు దగ్గర జనానికి కనిపించేలా పెట్టాలి. బోర్డు ఉంది. రాత మొత్తం ఇంగ్లీషు. రెండు గడుల్లో అంకెలు వెలగడం లేదు. బోర్డు ముఖం లోపలికి పోయే ఉద్యోగులవైపు ఉంది, రోడ్డు మీద పోయేవాడికి దాని వీపు కనిపిస్తుంది. ఫోటో తీయబోతే సెక్యూరిటీ అబ్బాయి చెయ్యి అడ్డం పెట్టాడు. "ఇది జనం కోసం పెట్టిందే కదా?" అన్నాడు మావాడు. "మీరు ఈ ఊరి జనం కాదు గదన్నా" అన్నాడు ఆ అబ్బాయి. మాట మర్యాదగానే అన్నాడు, దానికి మా దగ్గర జవాబు లేదు.

బూడిదను దగ్గర నుంచి చూసింది ఇటుకల యూనిట్‌లో. రోడ్డు పక్కన రేకుల షెడ్డు. బూడిద, క్వారీ డస్టు, కాస్త సిమెంటు కలిపి హైడ్రాలిక్ ప్రెస్సు కింద పెడుతున్నారు. ధన్‌మని దిగుతుంది, లేస్తుంది, ఇటుకలు బయటికి వస్తాయి. వాటిని పలక మీద పేర్చే అమ్మ వయసు యాభై లోపే ఉంటుంది. కొంగు ముక్కుకు చుట్టుకుని కట్టుకుంది. కనురెప్పల వెంట్రుకలు కూడా బూడిదరంగులో ఉన్నాయి. నేను గోతాంలోంచి చిటికెడు బూడిద తీసి వేళ్ల మధ్య నలిపాను. రోట్లో నూరిన పొడి కాదది, పాండ్స్ పౌడరంత మెత్తగా జారిపోతుంది. మండేటప్పుడు కరిగి, గాలిలోనే గడ్డకట్టిన గాజు గోళీలట ఆ రేణువులు, కంటికి కనిపించనంత చిన్నవి. అందుకే సిమెంటులో అంత బాగా కలుస్తుంది, ఊపిరితిత్తుల్లోకీ అంత తేలిగ్గా పోతుంది. "ఇటికలు గట్టిగా ఉంటాయామ్మా?" అని అడిగితే, "మా ఇల్లు దీంతోనే కట్టుకున్నాం సార్, పదేళ్లయింది, బిరుసుగా ఉండాది" అంది. దగ్గు సంగతి అడిగాను. "అది అందరికీ ఉండాదే" అని ప్రెస్సు వైపు తిరిగింది.

కాగితం మీద లెక్క చెబుతాను. సంజీవయ్య స్టేషన్ మూడు యూనిట్లూ రోజంతా నిండుగా నడిస్తే 5 కోట్ల 76 లక్షల యూనిట్ల కరెంటు వస్తుంది. దేశవాళీ బొగ్గయితే యూనిట్‌కు ఆరువందల గ్రాములకు పైనే కావాలి. అంటే రోజుకు ముప్పై అయిదు వేల టన్నుల బొగ్గు. ఒడిశా తాల్చేరు గనుల బొగ్గు ఓడల మీద పారాదీప్ నుంచి కృష్ణపట్నం వస్తుంది, దాంట్లో మూడో వంతుకు పైగా బూడిదే. ఇండొనేషియా బొగ్గు కలిపితే బూడిద తగ్గుతుంది, ఖర్చు పెరుగుతుంది. నిండుగా నడిచే రోజులు తక్కువే అయినా, సగం నడిచినా రోజుకు వేల టన్నుల బూడిద ఎక్కడో ఒకచోట పోయాలి. వందకు వంద శాతం వాడి తీరాలని, లేకుంటే టన్నుకు వెయ్యి రూపాయల జరిమానా అని 2021 డిసెంబరు 31 నాటి కేంద్ర ప్రకటన చెబుతుంది. దాంతో ఇటుకలు, సిమెంటు, రోడ్ల కట్టలు అని బూడిదకు గిరాకీ వచ్చింది. గిరాకీ వచ్చాక లారీలు వచ్చాయి, లారీలతో పాటు బూడిద కాంట్రాక్టుల రాజకీయమూ వచ్చింది. చెరువులో ఉన్నంతసేపు బూడిద ఎవరికీ పట్టదు, టన్నుకు ధర పలికిన రోజు నుంచి అందరి కన్నూ దాని మీదే.

బూడిద చెరువు కట్ట మీదికి పోనివ్వలేదు. దూరం నుంచే చూశాం. చెరువని పేరే గానీ, ఒక పక్క నీళ్లు, మిగతా అంతా పగుళ్లిచ్చిన తెల్లటి మైదానం. మధ్యాహ్నం గాలి కాస్త లేచేసరికి దాని మీద ఒక పొర కదిలింది. స్ప్రింక్లర్లు తిరుగుతున్న చోట ఏమీ లేవలేదు, తిరగని చోట లేచింది. ఫిట్టరు చెప్పిన "కింద ఉండేది" ఇదే. చిమ్నీకి కొలత ఉంది, హద్దు ఉంది, క్షణక్షణం లెక్క పంపే మీటరు ఉంది. చెరువు మీద లేచేదానికి, లారీ వెనక కారేదానికి మీటరు ఎవరూ పెట్టరు.

అక్కడి నుంచి కృష్ణపట్నం. పోర్టు కొత్తదే, 2008 జులైలో తెరిచారు. ఇప్పుడు అదానీలది. రేవు మాత్రం పాతది, విజయనగరం రాజుల కాలం నుంచీ ఓడలొచ్చిన చోటు. ఊరికి ఈ మధ్య వచ్చిన పేరు వేరే కారణంగా. 2021 మేలో కరోనా మందు కోసం జనం విరగబడి వచ్చిన ఊరు ఇదే, ఆ మందు పంచిన ఆనందయ్య ఊరు. అప్పుడు ముత్తుకూరు రోడ్డు మీద అంబులెన్సులు వరసకట్టి నిలబడ్డాయి. ఆ సంగతి మావాడికి గుర్తుంది, పోర్టు సంగతి తెలియదు. ఊపిరాడని వాళ్లు మందు కోసం ఈ చిమ్నీల ఊరికి పరుగెత్తుకొచ్చారన్నది తలుచుకుంటే ఇప్పటికీ విచిత్రంగా ఉంటుంది.

బకింగ్‌హాం కాలువ వంతెన దగ్గర దిగాం. మద్రాసుకు సర్వే కట్టెలు, ఉప్పు మోసిన కాలువ ఇది. ఇప్పుడు గుర్రపుడెక్క, అక్కడక్కడా వల. పోర్టు వైపు నుంచి కన్వేయరు బెల్టులు, మూతవేసిన పొడవాటి సొరంగాల్లా, పొలాల మీదుగా ప్లాంట్ల దాకా పోతాయి. బొగ్గు లారీల్లో కాకుండా బెల్టు మీద పోవడం మంచి ఏర్పాటే, మెచ్చుకోవాలి. వంతెన మీద గాలం వేస్తున్న కుర్రాడు అవతలి ఒడ్డున చిమ్నీలు చూపించి పేర్లు చెప్పాడు. ఏది నడుస్తోంది, ఏది ఆగింది అన్నది వాడికి తెలుసు. "ఆవిరి రాకపోతే ఆగినట్టు" అన్నాడు.

ఈ తీరానికి ఇంకా చాలా రావలసి ఉండింది. 2010 ప్రాంతంలో నెల్లూరు కోస్తాకు ఇరవైకి పైగా థర్మల్ ప్రతిపాదనలు నడిచాయి. అన్నిటికంటే పెద్దది రిలయన్స్ వాళ్ల 4,000 మెగావాట్ల అల్ట్రా మెగా ప్లాంటు. యూనిట్ రెండు రూపాయల ముప్పై మూడు పైసలకు ఇస్తామని 2007లో దక్కించుకున్నారు. 2010లో ఇండొనేషియా బొగ్గు ధరల నియమం మార్చేసరికి గిట్టుబాటు కాదని పని ఆపేశారు. అదే రోజుల్లో శ్రీకాకుళంలో సోంపేట, కాకరాపల్లి జనం థర్మల్ ప్లాంట్లకు అడ్డం నిలబడ్డారు, పోలీసు కాల్పుల్లో ప్రాణాలు పోయాయి. అక్కడ జనం ఆపారు, ఇక్కడ జకార్తా ఆపింది. మిగిలినవి కట్టేశారు. ఒక్కో ప్లాంటుకూ విడివిడిగా అనుమతి, విడివిడిగా ప్రజాభిప్రాయ సేకరణ, విడివిడిగా నివేదిక. ప్రతి నివేదికలోనూ తన వంతు పొగ హద్దు లోపలే ఉంటుంది. ఊరి మీద పడేది మాత్రం అందరిదీ కలిపి.

తిరుగు దారిలో మావాడు అడిగాడు, "ఇక్కడ గ్యాస్ ఎందుకు పెట్టలేదు మామయ్యా?" పెట్టడానికి మన రాష్ట్రానికి అనుభవం లేక కాదు. గోదావరి ఒడ్డున విజ్జేశ్వరంలో ఏపీ గ్యాస్ పవర్ కార్పొరేషన్ 1988లోనే పుట్టింది. ప్రభుత్వం కొంత, కరెంటు వాడుకునే పరిశ్రమలు కొంత వాటాలు పెట్టి, కరెంటు ఆ వాటాల ప్రకారం పంచుకునే పద్ధతి. 272 మెగావాట్లు. శాంటా క్లారా పద్ధతికి మన దగ్గర ఇంతకంటే దగ్గరగా వచ్చింది నాకు తెలిసి లేదు, వాడుకునేవాడే యజమాని. తరవాత జేగురుపాడు, కాకినాడ, కొండపల్లి, సామర్లకోట, వేమగిరి వరసగా వచ్చాయి. 2009 ఏప్రిల్‌లో కృష్ణా-గోదావరి బేసిన్‌లో డీ-6 గ్యాస్ మొదలైనప్పుడు ఇక మనకు తిరుగులేదనుకున్నాం. మూడు నాలుగేళ్లలోనే గ్యాస్ పడిపోయింది. వందల కోట్లు పోసి కట్టిన టర్బైన్లు పనిలేక పడుకున్నాయి. దిగుమతి గ్యాసు కావాలంటే మనకు దగ్గరలో ఎన్నూరు టెర్మినల్ 2019 నుంచి ఉంది. కానీ ఆ ధరకు కరెంటు చేస్తే కొనేవాడు లేడు.

ఇంకో చిక్కు ఇప్పుడు కొత్తగా వచ్చింది. పగలు సోలారు కరెంటు దండిగా వస్తోంది, కాబట్టి బొగ్గు ప్లాంట్లను లోడు తగ్గించమంటారు. 55 శాతం దాకా దించగలగాలన్నది ఇప్పటి నియమం. సూర్యుడు దిగగానే మళ్లీ ఎక్కించాలి. 800 మెగావాట్ల బాయిలరు బండబారిన ఏనుగు, తొందరపెడితే గొట్టాలు పగులుతాయి. సగం లోడులో నడిచినప్పుడు యూనిట్‌కు బొగ్గు ఎక్కువ ఖర్చవుతుంది, పొగా ఎక్కువే. గంటలో ఎక్కి దిగగలిగే గ్యాస్ టర్బైన్ ఇలాంటి సాయంత్రాలకే సరిపోతుంది. మన దగ్గర టర్బైన్లు ఉన్నాయి, గ్యాస్ లేదు.

అలాగని గ్యాస్‌ను నెత్తిన పెట్టుకోలేను. యూనిట్‌కు బొగ్గుది 900 గ్రాముల బొగ్గుపులుసు వాయువైతే గ్యాస్‌ది 400. సగానికి సగం తక్కువ, నిజమే. కానీ బావి దగ్గర, పైపుల్లో, టెర్మినళ్లలో కాలకుండానే కారిపోయే మీథేన్‌ను ఆ 400లో ఎవరూ కలపరు. ఇరవై ఏళ్ల లెక్కన చూస్తే మీథేన్ బొగ్గుపులుసు వాయువుకు ఎనభై రెట్లు వేడి పెంచుతుంది. పైపు భద్రత సంగతి మనకు వేరే చెప్పక్కర్లేదు. 2014 జూన్ 27న తూర్పుగోదావరి జిల్లా నగరం అనే ఊళ్లో గ్యాస్ పైపు పేలి ఊరికి ఊరు కాలిన తెల్లవారుజాము కోనసీమ మరిచిపోలేదు. శాంటా క్లారాలో కూడా ఊరి కరెంటులో సగానికి పైగా తాగుతున్నవి డేటా సెంటర్లేనని మావాడే చెప్పాడు. మనం ఫోనులో వాడే సర్వర్లు కొన్ని అక్కడే ఉండి ఉంటాయి. వాడి ప్లాంటు మంచిది, మనది చెడ్డది అని తేల్చడానికి నేను పోలేదు. తేడా ఇంధనంలో ఎంత ఉందో, యజమాని ఎవరన్న దాంట్లోనూ అంతే ఉంది. అక్కడ పొగ ఎక్కువైతే జనం నేరుగా కౌన్సిలు మీటింగుకు పోతారు, ఎందుకంటే ప్లాంటూ వాళ్లదే, బిల్లూ వాళ్లదే, ఊపిరీ వాళ్లదే. ఇక్కడ కరెంటు రాష్ట్రానిది, కొంత ఇతర రాష్ట్రాలది, లాభం కంపెనీలది, బూడిద ముత్తుకూరుది.

సంజీవయ్య స్టేషన్‌ను ప్రైవేటుకు లీజుకిస్తామని ప్రభుత్వం అన్నప్పుడు నేలటూరులో ఉద్యోగులు నెలల తరబడి దీక్షలు చేశారు. మంచిదే. ఆ దీక్షా శిబిరాల్లో వినిపించింది ఉద్యోగాల మాట, భూములిచ్చినవాళ్ల మాట. గాలి మాట ఎప్పుడు ఎజెండాకెక్కుతుందో చూడాలి.

అడగడానికి పెద్ద కోరికలేవీ కాదు. 2014 నుంచే పెద్ద ప్లాంట్ల చిమ్నీలకు ఆన్‌లైన్ మీటర్లు ఉండాలని కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి ఆదేశించింది. అంకెలు క్షణక్షణం మండలికి పోతూనే ఉన్నాయి. ఆ అంకెలను ముత్తుకూరు సెంటర్లో, కృష్ణపట్నంలో, తమ్మినపట్నంలో తెలుగులో ఒక బోర్డు మీద పెట్టాలి. ప్లాంటు వారీగా, వాటి కింద అన్నిటినీ కలిపిన మొత్తం. పక్కనే హద్దు ఎంతో రాయాలి. బూడిద చెరువుల కట్టల మీద, లారీలు పోయే దారిలో ధూళి మీటర్లు పెట్టి ఆ లెక్క కూడా అదే బోర్డు మీదికి తేవాలి. పరీక్ష చేసి చూపించడానికి మత్స్య కళాశాల పిల్లలు ఉన్నారు, గుంటల నీళ్లు కొలిచే అలవాటు వాళ్లకు ఎటూ ఉంది. దీనికి కొత్త చట్టం అక్కర్లేదు. ముత్తుకూరు, తోటపల్లి గూడూరు, చిల్లకూరు మండలాల పంచాయతీలు వచ్చే గ్రామసభలోనే తీర్మానం చేసి కలెక్టరుకూ కాలుష్య నియంత్రణ మండలికీ పంపాలి. ఈ మూడు మండలాల్లో మీకు ఓటు ఉంటే, ఆ సభకు వెళ్లి ముందుగా చెయ్యెత్తండి.